"పిల్లికూతలు" అన్న మాటలో ఉన్నది పిల్లేనా?

నాగావళి ఒడ్డు:
సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మొన్న ఏడో తరగతి పిల్లలకు పెట్టిన చిన్న పరీక్షలో కొన్ని జంతువుల పేర్లు ఇచ్చి, వాటి అరుపులను ఏమంటారో రాయమన్నాను. ఏనుగుకు ఘీంకారం, గుర్రానికి సకిలింపు, పులికి గాండ్రింపు, గాడిదకు ఓండ్ర అని దాదాపు అందరూ సరిగానే రాశారు. పిల్లి దగ్గరకు వచ్చేసరికి ఎక్కువమంది "మ్యావ్" అని రాసి ఊరుకున్నారు. ఒక కుర్రవాడు మాత్రం "పిల్లికూతలు" అని రాశాడు. అది ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలో వినిపించే శబ్దానికి పేరు కదా అనుకొని, ఎర్ర సిరాతో కొట్టేసి సున్న వేశాను.

ఆ కుర్రవాడికి ఉబ్బసం ఉంది. చలికాలంలో వారానికి ఒక రోజైనా బడి మానేస్తాడు. కాగితాలు ఇచ్చాక నా బల్ల దగ్గరికి వచ్చి, "పిల్లివి కాకపోతే మరి ఆటికి పిల్లికూతలని పేరెందుకొచ్చినాది మాస్టారూ?" అని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. ఇన్నేళ్ళుగా వింటున్న మాటే అయినా, ఇందులో పిల్లి ఎక్కడి నుంచి వచ్చిందో, పిల్లికి "అరుపు" అనకుండా "కూత" అని ఎందుకన్నారో నేను ఎన్నడూ ఆలోచించలేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

మందస కోవా:
మాస్టారూ, మీరు అడిగినది పిల్లి చేసే శబ్దం. వాడు రాసినది పిల్లి కూత. మాటను మాటగా చూస్తే వాడి జవాబులో తప్పేముంది? "మ్యావ్" అని రాసినవారికి మార్కు వేశారా లేదా అన్నది కూడా చెప్పాలి మీరు. అది అరుపే కాని, అరుపుకు పేరు కాదు కదా.

కోటబురుజు:
విజయనగరం నుంచి రాస్తున్నాను. సంస్కృతాంధ్రాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక కొంచెం విస్తరించి రాస్తే మన్నించాలి.

ముందుగా "కూత". ఇది "కూయు" అన్న క్రియ నుంచి వచ్చిన నామం. కోయు నుంచి కోత, మోయు నుంచి మోత, మేయు నుంచి మేత, నేయు నుంచి నేత, పూయు నుంచి పూత వచ్చిన దారిలోనే కూయు నుంచి కూత వచ్చింది. తమిళంలో "కూవు", కన్నడంలో "కూగు" దీనికి అక్కచెల్లెళ్ళు కనుక, ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. ఈ మాట పక్షులకే చెల్లుతుందని ఇప్పుడు మనం అనుకుంటున్నాం కాని, వాడుకను గమనిస్తే అలా లేదు. కోడి కూస్తుంది, కోయిల కూస్తుంది, గుడ్లగూబ కూస్తుంది. రైలు కూడా కూస్తుంది. పిలిస్తే వినపడేంత దూరాన్ని "కూతవేటు దూరం" అంటాము. నోటికి వచ్చినట్లు మాట్లాడేవాడివి కారుకూతలు, పిచ్చికూతలు. వీటన్నిటిలోనూ సమానంగా ఉన్నది పక్షి కాదు. ఒక్క ఊపిరిలో సాగదీసి వదిలే ధ్వని. "అరుపు"లో బిగ్గరతనం ముఖ్యం, "కూత"లో సాగుడు ముఖ్యం. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే, ఛాతీలోంచి వచ్చే ఆ సన్నని సాగుడు శబ్దానికి మన పెద్దలు అరుపు అన్న మాటను కాక కూత అన్న మాటను ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

ఇక సమాసం. "పిల్లి యొక్క కూత" అని విగ్రహం చెబితే షష్ఠీ తత్పురుషమే. అయితే వ్యాధి విషయంలో వాడినప్పుడు అక్కడ పిల్లి లేదు కనుక, పిల్లికూత వంటి కూత అని సాదృశ్యంతో అర్థం చెప్పుకోవాలి. ఆలంకారికులు దీనిని గౌణీ లక్షణ అంటారు. మనుషులు గుమిగూడి అరుస్తుంటే కాకిగోల అనడం, కపటంగా ఏడ్చేవాడిది మొసలికన్నీరు అనడం ఇటువంటివే. కాకిగోల అన్న మాట విన్నవాడు కాకుల కోసం ఆకాశం వైపు చూడడు.

మరొక్క సంగతి. అమరకోశంలో "ఓతుర్బిడాలో మార్జారో వృషదంశక ఆఖుభుక్" అని పిల్లికి అయిదు పేర్లు చెప్పారు. వీటిలో వృషదంశకం ఎలుకను కరిచేది, ఆఖుభుక్కు ఎలుకను తినేది, మార్జారం ఒళ్ళు తుడుచుకొనేది. దాని గొంతును బట్టి పెట్టిన పేరు మాత్రం కనబడదు. ఏనుగు ధ్వనికి బృంహితమనీ, గుర్రపు ధ్వనికి హేష, హ్రేష అనీ ప్రత్యేకంగా పేర్లు చెప్పిన ఆ కోశమే, మిగిలిన జంతువులనూ పక్షులనూ కలిపి "తిరశ్చాం వాశితం రుతమ్" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. యుద్ధానికి పనికివచ్చే జంతువుల గొంతుకు ఉన్న మర్యాద, పొయ్యి దగ్గర పడుకొనే జంతువు గొంతుకు దక్కలేదన్నమాట. మాస్టారి ప్రశ్నపత్రంలో పిల్లి దగ్గర పిల్లలు తడబడ్డారంటే అందులో వారి తప్పు లేదు.

జీడితోట:
పెద్దలు వ్యాకరణం చక్కగా చెప్పారు కాని, అసలు కారణం ఇంకా సులువుగా ఉందేమోనని నా అనుమానం. మాది పలాస దగ్గర. మా నాయనమ్మ పిల్లిని పిల్లల పక్కలోకి రానిచ్చేది కాదు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం పట్టుకుంటుందనీ, లోపల పిల్లి కూసినట్లు కూస్తుందనీ ఆమె గట్టిగా నమ్మేది. పిల్లి వల్ల వచ్చే జబ్బు కనుక పిల్లికూతలు అన్న పేరు వచ్చి ఉండవచ్చు కదా? పిల్లి పడనివారికి ఉబ్బసం వస్తుందని ఇప్పుడు డాక్టర్లు కూడా చెబుతున్నారు.

వార్డు డ్యూటీ:
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. జీడితోట గారి నాయనమ్మగారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. పిల్లి పడనివారికి ఆయాసం రావడం వాస్తవమే. అయితే దానికి కారణం వెంట్రుక కాదు. పిల్లి లాలాజలంలోనూ చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారయ్యే ఒక ప్రోటీను ఉంటుంది. పిల్లి ఒళ్ళు నాకినప్పుడు అది బొచ్చుకు అంటుకొని, ఎండి, పొడిగా రాలి గాలిలో తేలుతుంది. దానిని పీల్చినవారిలో కొందరికి ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. వెంట్రుక మింగడానికీ దీనికీ సంబంధం లేదు.

అయితే పేరు అక్కడి నుంచి రాలేదని నా అభిప్రాయం. మా దగ్గరకు వచ్చేవారిలో పిల్లిని ఎన్నడూ ముట్టనివారే ఎక్కువ. ఒకరికి మంచు, ఒకరికి దుమ్ము, ఇంకొకరికి పొయ్యి పొగ, చంటిపిల్లలకు మామూలు జలుబు, కారణం ఏదైనా తల్లులు చెప్పే మాట మాత్రం ఒక్కటే: "పిల్లికూతలు వస్తున్నాయమ్మా, డొక్కలెగరేస్తున్నాడు." పేరు కారణాన్ని బట్టి వచ్చి ఉంటే, పొగ వల్ల వచ్చినదానికి మరొక పేరు ఉండాలి కదా. పైగా మాటలోనే "కూతలు" అని ఉంది. విన్నదానికి పెట్టిన పేరు అది.

ఇంకొకటి గమనించండి. ఈ మాటను ఎవరూ ఏకవచనంలో వాడరు. "పిల్లికూత వస్తోంది" అని నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎప్పుడూ "కూతలు" అనే అంటారు. స్టెతస్కోపు పెట్టి విన్నప్పుడు దీనికి కారణం నాకు తోచింది. ఉబ్బసంలో ఒక్క గొట్టం కాదు, ఊపిరితిత్తుల నిండా చిన్నా పెద్దా గొట్టాలు అనేకం బిగుసుకుంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరంలో పలుకుతుంది. అందువల్ల ఒకేసారి నాలుగైదు గొంతులు వినిపిస్తాయి. అదే ఒక చోట, ఎప్పుడు విన్నా మారకుండా ఒకే స్వరం పలుకుతుంటే వైద్యులు వేరే అనుమానం పడతారు. చిన్నపిల్లల విషయంలో అయితే ఏ వేరుసెనగ గింజో, జీడిపప్పు ముక్కో ఊపిరి గొట్టంలోకి జారి ఇరుక్కుందేమోనని చూస్తారు. అది ఉబ్బసం మందులతో తగ్గేది కాదు. పలాస వారు జీడిపప్పు పసిపిల్లలకు అందకుండా చూసుకోవాలని సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను.

తాటాకు బూర:
నర్సమ్మగారు చెప్పినదానికి భౌతికశాస్త్రం వైపు నుంచి ఒక మాట. చాలామంది ఈ శబ్దాన్ని ఈల వంటిదనుకుంటారు, అంటే సన్నని కంతలోంచి గాలి దూసుకుపోవడం వల్ల పుట్టిందనుకుంటారు. నిజానికి ఇది ఈల కన్నా బూరకు దగ్గర. చిన్నప్పుడు మనం కొబ్బరాకును చుట్టి, చివర నొక్కి ఊదేవాళ్ళం గుర్తుందా? ఆకు అంచులు దాదాపు ఒకదానికొకటి అంటుకొని, గాలి తోసినప్పుడు విడి, మళ్ళీ అంటుకొని, ఆ అదురుకు కూత పుట్టేది. బిగుసుకున్న ఊపిరి గొట్టం గోడలు కూడా దాదాపు మూసుకుపోయే స్థితిలో అలాగే అదురుతాయి. గొట్టం పొడవు కన్నా, గోడ మందమూ బిగువూ, గాలి వేగమూ స్వరాన్ని నిర్ణయిస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు గొట్టాలు సహజంగానే మరికొంత సన్నబడతాయి కనుక, కూతలు ఎక్కువగా అప్పుడే వినిపిస్తాయి.

జీడితోట:
ఒప్పుకున్నాను. నాయనమ్మ మాటను వెనక్కి తీసుకుంటున్నాను, ఆమె లేదు కనుక ధైర్యంగా. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. శబ్దాన్ని బట్టి పెట్టిన పేరే అయితే పిల్లే ఎందుకు? సన్నగా కూసేవి లోకంలో ఎన్ని లేవు? పిచ్చుకలు ఉన్నాయి, కోడిపిల్లలు ఉన్నాయి. పైగా కోటబురుజు గారు అలా లేదన్నా, కూత అన్న మాట పక్షులకే బాగా అతుకుతుంది. పిట్టకూతలు అనవలసింది పిల్లికూతలు అన్నారంటే ఏదో కారణం ఉండాలి.

కోటబురుజు:
మంచి ప్రశ్న. దీనికి ఫ్రాన్సు దేశం నుంచి ఒక సాక్ష్యం తేవచ్చు. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన లెనెక్ అనే వైద్యుడు, తాను విన్న ఛాతీ శబ్దాలన్నిటినీ 1819లో ఒక గ్రంథంగా ప్రకటించాడు. అంతకుముందు ఆ శబ్దాలకు పేర్లు లేవు కనుక ఆయన కూడా లోకంలో వినిపించే ధ్వనులతోనే పోల్చవలసి వచ్చింది. సన్నని కూతను చిన్న పిట్టల కిచకిచతోనూ, బొంగురు ధ్వనిని ఒకసారి నిద్రపోయేవాడి గురకతోనూ, ఒకసారి మంద్రపు తంత్రి మోతతోనూ, మరొకసారి అడవి పావురం కువకువతోనూ పోల్చాడు. అంటే జీడితోట గారు కోరిన పిట్టకూతలు ఫ్రెంచివారికి నిజంగానే వినిపించాయి.

చిత్రమేమిటంటే, ఆ లెనెక్‌కే పిల్లి కూడా వినిపించింది. కాని ఊపిరితిత్తుల్లో కాదు, గుండెలో. గుండె కవాటం సన్నబడిన రోగి ఛాతీ మీద చేయి పెడితే చేతికి తగిలే అదురును, నిమిరినప్పుడు పిల్లి ఒంట్లో పుట్టే అదురుతో పోల్చి, మార్జాల కంపనం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. వైద్య విద్యార్థులు ఆ పేరును తరువాతి కాలంలోనూ చదువుకున్నారు. ఆ దేశపువాడే అయిన లెజూన్ 1963లో వర్ణించిన ఒక పుట్టుకతో వచ్చే జబ్బుకు "పిల్లి ఏడుపు" అనే అర్థంలో క్రి ద్యు షా అని పేరు. అయిదో క్రోమోజోములో కొంత భాగం లోపించిన ఆ శిశువుల ఏడుపు పిల్లికూన ఏడుపులా సన్నగా ఉంటుంది. ఒకే జంతువు వారికి గుండెలోనూ, శిశువు గొంతులోనూ వినిపించగా, మనకు ఊపిరితిత్తుల్లో వినిపించింది.

ఉబ్బసం విషయంలో మన చరకుడికి మాత్రం జంతువు వినిపించలేదు. చరక సంహితలో అయిదు రకాల శ్వాసరోగాలు చెప్పారు. వాటిలో తమకశ్వాస మన ఉబ్బసానికి దగ్గర. అక్కడ "రుద్ధో ఘుర్ఘురకం తథా" అని ఉంది. అడ్డుపడిన వాయువు ఘుర్ఘురమని చప్పుడు చేస్తుందని భావం. రోగి కూర్చుంటే సుఖపడతాడనీ, మబ్బు, నీరు, చలి, తూర్పుగాలి వల్ల రోగం పెరుగుతుందనీ కూడా చెప్పారు. సముద్రం తూర్పున ఉన్న మన జిల్లాలవారు ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఘుర్ఘురకం అన్నది శుద్ధమైన ధ్వన్యనుకరణం. మన గురక, గురగుర ఆ చుట్టపువే. తెలుగువారు అలా అనుకరించి ఊరుకోకుండా, ఆ చప్పుడును ఒక ప్రాణికి అప్పగించారు.

బొబ్బిలి తంత్రి:
మాది వీణలు చేసే ఊరు. నేను వాయిస్తాను కూడా. లెనెక్ మంద్రపు తంత్రితో పోల్చాడన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఇక్కడ రెండు వేరు వేరు ధ్వనులను కలిపేస్తున్నామని నాకు అనిపిస్తోంది. పిల్లికి ఉన్నది ఒక్క గొంతు కాదు. ఆకలికో పిలుపుకో చేసే మ్యావు ఒకటి. ఒళ్ళో పడుకొని చేసే గురగుర వేరొకటి. మరొక పిల్లి ఎదురైతే చేసే గుర్రు ఇంకొకటి. రాత్రుళ్ళు ప్రహరీ గోడ మీద చంటిపిల్లలా ఏడ్చే ఏడుపు సరేసరి. అది విని అశుభమని భయపడేవారు ఉన్నారు కాని, అది జంటను పిలుచుకొనే గొంతు. "పిల్లికూతలు" అన్నవారి చెవిలో వీటిలో ఏది ఉంది?

గురగుర కాదని నా చెవి చెబుతోంది. పిల్లి గురగుర చాలా మంద్రం. సెకనుకు ఇరవై అయిదు ముప్ఫై కంపనాలే ఉంటాయంటారు. దానిని స్వరమని కూడా అనలేము, అదురు అనాలి. పైగా పిల్లి గురగుర ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఆగకుండా సాగుతుంది. నర్సమ్మగారు, తాటాకు బూర గారు చెప్పిన కూతలు సన్ననివి, ప్రధానంగా ఊపిరి వదిలేటప్పటివి. మ్యావు కూడా ఊపిరి వదిలేటప్పటిదే. కనుక చరకుడి ఘుర్ఘురకం పిల్లి గురగురకు దగ్గర, మన జనం కూతలు పిల్లి పిలుపుకు దగ్గర.

నాకు ఇందులో ఇంకా నచ్చినది గుర్రు సంగతి. తెలుగులో గుర్రు అంటే నిద్రలో గురక, గుర్రు అంటే కోపం కూడా. "గుర్రు పెట్టి నిద్రపోయాడు" అంటాము, "నా మీద గుర్రుగా ఉన్నాడు" అని కూడా అంటాము. పిల్లి సంతోషంగా చేసే చప్పుడుకు గుర్రు అని రాస్తే, చదివినవారు అది కోపగించుకుందనుకుంటారు. అందుకే నేను గురగుర అని రెండుసార్లు తిప్పి రాస్తాను. ఒక్క గుర్రు కోపానికీ నిద్రకూ పోయాక, జంట గురగురే పిల్లి ప్రేమకు మిగిలింది.

మందస కోవా:
టికెట్టు రాని నాయకులందరూ పత్రికల్లో "గుర్రుగా ఉన్నారు" అని చదివినప్పుడల్లా, వారు ఎవరి ఒళ్ళోనో పడుకొని ఉన్నట్లు ఊహించుకోవడం నాకు అలవాటు. క్షమించాలి, విషయంలోకి వెళ్ళండి.

వార్డు డ్యూటీ:
బొబ్బిలి వారి చెవి సరైనదే. మాకు చదువులో చెప్పినదీ అదే. సెకనుకు 400 కంపనాలు, అంతకు పైబడిన సన్నని స్వరాన్ని వీజ్ అనీ, 200 లోపు ఉండే బొంగురు గురక వంటి ధ్వనిని రాంకస్ అనీ వేరు చేసి చెప్పేవారు. పిల్లికూతలు మొదటిదానికి సరిపోతాయి. రెండోదానికి మా పేషెంట్లు "గొంతులో గురగుర" అనే అంటారు. ఎవరూ నేర్పకుండానే వారు రెండింటినీ రెండు మాటలతో వేరు చేస్తున్నారు.

అయితే ఒక హెచ్చరిక కూడా రాయాలి. "కూతలు ఆగిపోయాయి, తగ్గిపోయిందనుకున్నాం" అంటూ నీలిరంగుకు తిరిగిన పెదవులతో ఉన్న మనిషిని తీసుకువచ్చేవారిని చూశాను. గాలి కదిలితేనే కూత పుడుతుంది. గొట్టాలు మరీ బిగుసుకుపోతే, కూయడానికి తగినంత గాలి కూడా కదలదు. ఆయాసం తగ్గకుండా, మాట పెగలకుండా ఉండి కూతలు మాత్రం వినిపించడం మానేస్తే అది అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థితి. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

నాగావళి ఒడ్డు:
నర్సమ్మగారి చివరి మాట చదివాక నాకు కబడ్డీ గుర్తుకు వచ్చింది. మా ఊళ్ళలో దానిని చెడుగుడు అంటాము. అవతలి బరిలోకి వెళ్ళే ఆటగాడిని "కూతకు వెళ్ళాడు" అంటాము. ఒక్క ఊపిరిలో, ఆపకుండా పలుకుతూ ఉండాలి. కూత ఆగితే అవుటు. కోటబురుజు గారు కూతకు చెప్పిన "ఒక్క ఊపిరిలో సాగదీసి వదిలే ధ్వని" అన్న లక్షణం అందులో అచ్చంగా ఉంది. ఆటలో కూత ఊపిరికి కొలత, జబ్బులో కూడా కొలతే. నా విద్యార్థికి ఆ ఆటంటే ప్రాణం. ఊపిరి చాలక ఎప్పుడూ గీత ఇవతలే నిలబడి చూస్తుంటాడు.

ఇంకొక సందేహం. "మ్యావు" అన్నది తెలుగు మాటేనా? మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు అది ఇంగ్లీషు నుంచి వచ్చిందనీ, తెలుగు మాటలు "మ్య" వంటి సంయుక్తాక్షరంతో మొదలుకావనీ వాదిస్తున్నారు.

కోటబురుజు:
మీ మిత్రుడు చెప్పిన నియమం సామాన్యంగా నిజమే. మ్రాను, ప్రాత, క్రొత్త వంటి రేఫ కలిసినవి తప్పితే అచ్చతెలుగు మాటలు జంట హల్లుతో మొదలుకావడం అరుదు. కాని ధ్వన్యనుకరణాలు ఏ భాషలోనైనా ఆ భాష కట్టుబాట్లను కొంత మీరుతాయి. పిల్లి మన వర్ణక్రమం చూసుకొని అరవదు. హిందీవారిది మ్యావూఁ, ప్రాచీన ఈజిప్టువారు పిల్లినే "మియు" అన్నారు, చీనావారు "మావ్" అంటారు, థాయివారు "మేవ్" అంటారు. వీరందరూ ఇంగ్లీషువారి దగ్గర అప్పు తెచ్చుకోలేదు. పెదవులు మూసి తెరిస్తే మకారం, నోరు పూర్తిగా తెరిస్తే ఆకారం, మళ్ళీ మూయబోతే వకారం. పిల్లి నోరు తెరిచి మూసే క్రమాన్ని మన ఓష్ఠ్యాలు రెండూ రెండు వైపులా కాపలా కాస్తున్నాయి. మీ మిత్రుడిని అద్దం ముందు నిలబడి ఒకసారి అనమనండి.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో "త్రిలింగదేశ వ్యవహార సిద్ధంబగు భాష దేశ్యంబు" అన్నాడు. వ్యవహారంలో సిద్ధంగా ఉన్నదే దేశ్యమైతే మ్యావు దేశ్యమే. అయితే చివర పొల్లుతో మ్యావ్ అని రాయడం కన్నా, అజంతం చేసి మ్యావు అని రాయడమే మన భాష నడకకు తగినది. దానికి "అను" చేరితే మ్యావుమంది, గుర్రుమంది, భగ్గుమంది అన్న వరుసలో చక్కగా కలిసిపోతుంది.

వేదంలోని మాటల పుట్టుకను వివరించే యాస్కుడి నిరుక్తంలో "కాక ఇతి శబ్దానుకృతిః" అని ఉంది. కాకి అరుపును అనుకరించడం వల్లనే దానికి కాకమన్న పేరు వచ్చిందనీ, పక్షుల పేర్లలో ఇది తరచుగా జరుగుతుందనీ ఆయన మతం. వెంటనే, శబ్దానుకరణమనేదే లేదని వాదించిన ఔపమన్యవుడి మతాన్ని కూడా చెప్పాడు. మీ స్టాఫ్ రూములో జరుగుతున్న వాదం అంత పాతది.

జీడితోట:
ఇన్ని చెప్పారు కాని, పిట్ట కాక పిల్లే ఎందుకన్న నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. బొబ్బిలి వారు మ్యావు అన్నారు. పెద్ద పిల్లి మ్యావు అంత సన్నగా ఉండదు. నేను పెంచాను కనుక తెలుసు.

బొబ్బిలి తంత్రి:
అది నిజమే. నేను ఆలోచించలేదు.

నాగావళి ఒడ్డు:
ఈ చర్చను అచ్చు వేసి ఆ కుర్రవాడికి ఇచ్చాను. అమరకోశం, లెనెక్ సంగతి ఎంత అర్థమైందో తెలియదు కాని, జీడితోట గారి ప్రశ్న దగ్గర ఆగి, తనకు తెలుసన్నాడు. వాళ్ళ ఇంట్లో ధాన్యం బస్తాల వెనక పిల్లి ఈనిందట. ఇంకా కళ్ళు తెరవని కూనలు, తల్లి బయటికి పోయినప్పుడు ఒకదాని మీద ఒకటి పడి సన్నగా కూస్తుంటాయట. ఒక రాత్రి తనకు ఆయాసం వచ్చి నిద్రపట్టక కూర్చుంటే, వాళ్ళమ్మ లేచి దీపం పట్టుకొని బస్తాల వెనక్కి వెళ్ళిందట. కూనలు తల్లి దగ్గర పడుకొని నిద్రపోతున్నాయి. శబ్దం కొడుకు ఛాతీలోంచి వస్తోంది. పిట్టలు రాత్రిపూట కూయవు కదా మాస్టారూ, అన్నాడు. మనిషి పడుకొనే చోట, రాత్రిపూట, చీకట్లో వినిపించేది పిల్లికూనే.

దీని తరువాత సున్న ఉంచడం న్యాయం కాదనిపించి, అర మార్కు వేస్తానన్నాను. నర్సమ్మగారు చెప్పినట్లు బహువచనం జబ్బుకే చెల్లుతుందనీ, పిల్లి అరుపు అడిగినప్పుడు "పిల్లికూత" అని ఏకవచనంలో రాసి ఉంటే పూర్తి మార్కు వచ్చేదనీ వివరించాను.

"మా ఇంట్లో మూడు కూనలున్నాయి మాస్టారూ," అన్నాడు.

పూర్తి మార్కు వేశాను.